బాబుకు ఎండ తగిలిందని వాళ్లమ్మకు చెప్పాను, ఇప్పుడేం చేయాలి?

హనుమకొండ నుంచి 26 ఏళ్ల పాఠకుడొకరు రాసిన ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆయన బావ, అంటే అక్క భర్త, కొన్నేళ్లుగా బడిపిల్లలకు సాహస క్యాంపులు నడుపుతున్నారు. శని, ఆదివారాల్లో ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లల్ని గుట్టలకు, చెరువులకు తీసుకెళ్లి ట్రెక్కింగ్, ర్యాపెల్లింగ్ (తాడు పట్టుకుని గుట్ట దిగడం), కయాకింగ్ (చిన్న పడవ నడపడం) చేయిస్తారు. డిగ్రీ అయ్యాక ఖాళీగా ఉన్న మన పాఠకుడికి శిక్షణ ఇప్పించి, జీతమిచ్చి, ఇన్‌స్ట్రక్టర్‌గా పెట్టుకున్నదీ బావే. మొన్న ఆదివారం భూపాలపల్లి జిల్లాలోని ఒక గుట్ట దగ్గరికి 34 మంది పిల్లలు, ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్లు, బడి తరఫున ఒక పీఈటీ సారు వెళ్లారు. సాయంత్రం ఐదు దాటింది, ఇంకా ఆరుగురు దిగాలి. తొమ్మిదో తరగతి అబ్బాయి తాడు మీద దిగుతూ కాలు జారి, పక్కకు ఊగి, రాతికి తల కొట్టుకున్నాడు. హెల్మెట్ ఉంది కానీ గడ్డం పట్టీ వదులై వెనక్కి జారింది. కిందికి దించాక కాసేపు "ఎక్కడున్నం?" అని అడిగాడట. తర్వాత మామూలుగానే మాట్లాడాడు. తిరుగు ప్రయాణంలో ఒకసారి వాంతి అయింది. బస్సు పడలేదేమో అనుకుని ఓఆర్ఎస్ తాగించారు. హనుమకొండలో దిగే ముందు బావ అన్న మాట: "ఇంట్ల చెప్పకుర్రి. పోరడు మంచిగనే ఉన్నడు కదా, లేనిపోని లొల్లి."

మంగళవారం రాత్రి ఆ బాబు తల్లి ఫోన్ చేశారు. రెండు రోజులుగా తలనొప్పి అంటున్నాడు, బడికి పోలేదు, క్యాంపులో ఏమన్నా అయిందా అని అడిగారు. "ఎండ తగిలినట్టుందమ్మా" అని చెప్పారు మన పాఠకుడు. బుధవారం బావ ఒక కాగితం తెచ్చారు. విశ్రాంతి వేళ బాబు ఆడుకుంటూ పడ్డాడని అందులో ఉంది, పైన ఆదివారం తేదీ. సంతకం ఇంకా పెట్టలేదు. ఉత్తరం చివర పాత సంగతి ఒకటి రాశారు. డిసెంబరు క్యాంపులో ఒక అమ్మాయి గుట్ట అంచు దాకా వచ్చేసింది. ఒంటిని తాడుకు కట్టే పట్టీల (హార్నెస్) బకిల్ నడుము దగ్గర సగమే వేసి ఉందని ఆఖరి నిమిషంలో చూశారు. అది ఎవరూ ఎక్కడా రాయలేదు. "చెబితే అక్క కాపురంలో చిచ్చు పెట్టినవాణ్ణవుతాను. చెప్పకుంటే నిద్ర పడ్తలేదు. ఎవరికి చెప్పాలి? నా మీద కేసు అవుతుందా? వచ్చే రెండో శనివారం మళ్లీ క్యాంపు ఉంది" అని ముగించారు.

సమాధానం

మీరు అడిగినవాటిలో చాలావాటికి రెండు మూడు దారులున్నాయి. ఒక్కదానికి లేదు, అందుకే ముందు అదే. బాబు తల్లికి జరిగింది జరిగినట్టు చెప్పాలి, అదీ ఇవ్వాళే. ఉత్తరం అందిన రోజే ఈ భాగం మీకు విడిగా పంపాం. ఇలాంటి చోట చిక్కుకున్న మరొకరికి అక్కరకొస్తుందని ఇక్కడ మళ్లీ రాస్తున్నాం.

తొందర ఎందుకంటే, తలకు దెబ్బ, వెంటనే కాసేపు తికమక, వాంతి, రెండు రోజులైనా పోని తలనొప్పి, ఇవన్నీ కలిపి చూస్తే డాక్టర్లు కంకషన్ అనే మెదడు కుదుపును అనుమానిస్తారు. చాలామంది పిల్లలకు అది విశ్రాంతితోనే నయమవుతుంది. అరుదుగా కొందరికి పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం నెమ్మదిగా చేరుతుంది. దాని లక్షణాలు కొన్ని గంటలకూ బయటపడవచ్చు, కొన్ని రోజులకూ బయటపడవచ్చు. ఎండదెబ్బ అని నమ్మిన తల్లి మజ్జిగ ఇచ్చి పడుకోబెడుతుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా ఆమె నోట వచ్చేది అదే మాట. స్కానింగ్ చేయాలా వద్దా అన్నది డాక్టరు చాలావరకు ఏం జరిగిందన్న దాన్ని బట్టే తేల్చుకుంటారు. మీ ఒక్క మాట వైద్యాన్ని పక్కదారి పట్టించగలదు.

తలనొప్పి పెరుగుతూ ఉన్నా, మళ్లీ మళ్లీ వాంతులైనా, లేపితే లేవకపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి గానీ కాలు గానీ బలహీనమైనా, మూర్ఛ వచ్చినా, ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దగా కనిపించినా, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం కారినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. సీటీ స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికే తీసుకెళ్లాలి. ఇవేవీ లేకపోయినా మూడో రోజుకూ తలనొప్పి ఉందంటే ఆ రోజే డాక్టరు చూడాల్సిందే. డాక్టరు సరే అనేదాకా ఆటలు, సైకిలు, పీటీ పీరియడు అన్నీ బంద్. మొదటి కుదుపు మానకముందే తలకు రెండో దెబ్బ తగిలితే ప్రమాదం చాలా పెద్దది. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేయవద్దనీ, ఏం వేయాలన్నా డాక్టర్నే అడగమనీ తల్లికి చెప్పండి.

ఏమని చెప్పాలో తోచక ఆగిపోతున్నారేమో. ఇంత చాలు: "అమ్మా, మొన్న నేను ఎండ తగిలిందన్న. అది నిజం కాదు. ఆదివారం సాయంత్రం తాడు మీద దిగేటప్పుడు బాబు తల రాయికి తాకింది. కాసేపు తికమకపడ్డడు, బస్సుల ఒకసారి వాంతయింది. ఇయ్యాలనే డాక్టరుకు చూపియ్యాలె. నేనూ వస్త, ఏం జరిగిందో డాక్టరుకు నేనే చెప్త." అక్కడ ఆపండి. బావ ఏమన్నాడు, మీరు ఎందుకు దాచారు అన్నవి ఆ ఫోనులో వద్దు. ఆమె కోప్పడితే వినండి. "ఎవ్వరికి చెప్పకుర్రి" అని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అనవద్దు. ఆసుపత్రిలో దీన్ని మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేసే కేసుగా, రాసుకుంటే కంగారు పడకండి. గాయాల విషయంలో అది మామూలే. తల్లికి చెప్పినట్టే వాళ్లకూ చెప్పండి.

ఇక బావ తెచ్చిన కాగితం. దాని మీద సంతకం పెట్టవద్దు. తేదీ వెనక్కి వేసి ఉంది, కారణం అబద్ధం. బాబు కోలుకుంటే ఆ కాగితం అవసరమే రాదు. కోలుకోకపోతే ముందు బయటికి తీసేది దాన్నే, కింద ఉండేది మీ పేరు. 34 మంది పిల్లలు చూశారు, పీఈటీ సారు చూశారు, బాబుకు గుర్తుంది, ఎవరో ఒకరి ఫోనులో వీడియో ఉండే ఉంటుంది. ఇంతమంది కళ్లముందు జరిగినదాన్ని ఒక కాగితం మార్చలేదు, సంతకం పెట్టినవాడు అబద్ధమాడాడని మాత్రం రుజువు చేస్తుంది. బావ దగ్గర కాదనడం కష్టమైతే "నేను చూసింది నేను రాసిస్త బావా, ఇది నేను చూసింది కాదు" అనండి. ఆ మాటకు ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టమే.

రాసివ్వడం అంటే నిజంగానే రాయండి. ప్రమాద నివేదిక అదే రోజు, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లో రాయాలి. రోజులు గడిచేకొద్దీ చూసిందీ విన్నదీ కలిసిపోతాయి. మీకు ఆలస్యమైంది కాబట్టి పైన ఇవ్వాళ్టి తేదీ వేసి "ఆదివారం జరిగినదాన్ని ఈ రోజు రాస్తున్నాను" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఆలస్యంగా రాసిన నిజానికి విలువ ఉంటుంది. తేదీ మార్చి రాసినది నిజమే అయినా ఎవరూ నమ్మరు.

అందులో ఉండాల్సినవి ఇవి. ఎక్కడ, ఎన్ని గంటలకు, వెలుతురు ఎలా ఉంది, రాయి తడిగా ఉందా పొడిగా ఉందా. పిల్లలు ఎందరు, ఆ క్షణాన ఏ ఇన్‌స్ట్రక్టర్ ఎక్కడ నిలబడ్డారు. హార్నెస్ ఎవరు వేశారు, హెల్మెట్ ఎవరు పెట్టారు, తాడు ఎవరు కట్టారు, దిగే తాడుతో పాటు రెండో రక్షణ తాడు ఉందా, ఉంటే ఎవరి చేతిలో ఉంది. బాబు నేలకు సుమారు ఎన్ని అడుగుల ఎత్తులో ఉన్నాడు, ఎటు ఊగాడు, తలలో ఏ వైపు తగిలింది. ఆ తర్వాత ఏం మాట్లాడాడు, ఎవరు ఏ ప్రథమ చికిత్స చేశారు, వాంతి ఎప్పుడైంది, ఇంటికి ఎప్పుడు చేరాడు. మీ కళ్లతో చూసింది వేరుగా, ఎవరో చెప్పింది వేరుగా, చెప్పినవారి పేరుతో రాయండి. మంగళవారం తల్లికి మీరు తప్పు చెప్పిన సంగతీ, నిజం చెప్పిన తేదీ, వేళా కూడా అందులో ఉండాలి. అది వదిలేస్తే మిగతాదంతా అనుమానంగానే చదువుతారు.

తీర్పులు రాయవద్దు. "నిర్లక్ష్యంగా హెల్మెట్ పెట్టారు" అని రాస్తే గొడవ మొదలవుతుంది తప్ప ఏం జరిగిందో తెలియదు. "గడ్డం పట్టీకీ గడ్డానికీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంది. పెట్టాక సరిచూడటం నేను చూడలేదు" అని రాస్తే చదివినవాడికి బొమ్మ కట్టినట్టు తెలుస్తుంది. పక్కనే పెన్నుతో చిన్న పటం గీయండి: యాంకర్ (పైన తాడు కట్టిన చోటు) ఎక్కడ, దిగే దారి ఎక్కడ, తల తాకిన రాయి ఎక్కడ. కాగితం మీ దగ్గర ఒకటి, ఇచ్చే ప్రతి మీద అందినట్టు సంతకం. దాన్ని వాట్సాప్ గ్రూపులో వేయవద్దు. అందులో ఒక పిల్లవాడి పేరు, ఆరోగ్యం సంగతి ఉన్నాయి.

ఆ రోజు వాడిన హెల్మెట్, హార్నెస్, తాడు ఎక్కడున్నాయో కనుక్కోండి. తుడవకుండా, పట్టీ సర్దకుండా, ఉన్నవి ఉన్నట్టు ఫొటోలు తీసి, సంచిలో వేసి తేదీ చీటీ కట్టి పక్కన పెట్టండి. ఇది సాక్ష్యం కోసమే కాదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి పొర నలిగిపోతుంది, పైకి గీత కూడా కనిపించకపోవచ్చు. అది మళ్లీ ఏ పిల్లవాడి తలకూ ఎక్కకూడదు. చాలా క్యాంపుల్లో ప్రమాదం మర్నాడు సామాను అంతా కలిపి కడిగి ఆరేస్తారు. కారణం సగం ఆ నీళ్లతోనే పోతుంది.

ఇప్పుడు కారణం దగ్గరికి వద్దాం. ఉత్తరంలో ఒకచోట "పట్టీ పిల్లవాడే వదులు చేసుకున్నాడేమో" అని రాశారు. కావచ్చు. పట్టీ గడ్డం కింద ఒరుసుకుంటే పిల్లలు లాగేస్తారు. కానీ నివేదిక అక్కడ ఆగితే రాసీ ఫలితం లేదు. పట్టీ వదులుగా ఉందని అంచు దగ్గర ఎవరూ ఎందుకు చూడలేదు? 34 మందికి ముగ్గురు. పైన ఒకరు తాడుకు కడుతుంటే, ఒకరు రక్షణ తాడు పట్టుకుంటే, మూడో మనిషి కింద ఉంటే, వరుసలో నిలబడ్డ పిల్లల్ని సరిచూడటానికి మనిషే మిగలలేదు. బాబు పక్కకు ఎందుకు ఊగాడు? యాంకర్ దిగే దారికి నిటారుగా పైన లేకుండా పక్కకు ఉంటే, కాలు జారగానే ఒంటి బరువు తాడును యాంకర్ కిందికి లాగుతుంది. మనిషి గోడ వెంట పక్కకు కొట్టుకుపోతాడు. ఉదయం నుంచీ అదే చోట దిగినవాళ్లకు ఏమీ కాలేదంటే, వాళ్లు కాలు జారలేదని మాత్రమే అర్థం. ఇక ఐదు దాటాక తొందర ఎందుకు? ఆరుగుర్ని మిగిల్చి తీసుకెళ్తే పైసలు కట్టిన తల్లిదండ్రులు అడుగుతారని భయం. ఆరుగురు దిగకుండా ఇంటికి వెళ్లడం కూడా నిర్ణయమే, దానికి వెనకాడకూడదని క్యాంపు నడిపేవారు ముందే చెప్పి ఉంటే ఈ తొందర ఉండేది కాదు. ఈ మూడు కారణాల్లో ఒక్కటీ ఆ పిల్లవాడివి కావు. మీ ఒక్కరివి కూడా కావు. నివేదికలో ఇవి కనిపిస్తేనే వచ్చే క్యాంపులో మారడానికి ఏదైనా ఉంటుంది.

బావతో ఎలా అన్నదే మిమ్మల్ని ఎక్కువ నలిపేస్తోంది. మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, ముందు ఆయనతోనే ఒంటరిగా మాట్లాడటం. మేమైతే ఇక్కడే మొదలుపెట్టమంటాం, బాబు తల్లికి ఫోన్ చేసిన తర్వాత మాత్రమే. ముందు బావను అడిగితే ఆయన ఆగమంటారు, మీరు ఆగుతారు. రాసిన నివేదిక చేతిలో పెట్టుకుని వెళ్లండి. "బావా, వాళ్లమ్మకు చెప్పిన. ఇది రాసిన. రేపు పొద్దుమూకే లోపట నువ్వే స్కూలుకు పోయి ఇస్తే మంచిది. లేకుంటే నేను ఇస్త" అనండి. గడువు లేకుండా మాట్లాడితే మాట గాల్లో పోతుంది. ఆయన చేతులతో ఆయనే ఇచ్చే అవకాశం దొరికితే పరువు నిలుస్తుంది, మీ అక్క ఇల్లూ కాస్త చల్లబడుతుంది. అయితే ఆయన మీ మీద విరుచుకుపడే అవకాశమూ ఉంది, తోటి ఇన్‌స్ట్రక్టర్ల చేత వేరే కథ రాయించే అవకాశమూ ఉంది. అందుకే నివేదిక ప్రతి, ఫొటోలు ఇంట్లో కాకుండా మీరు నమ్మిన ఒకరి దగ్గర ముందే ఉంచండి.

రెండోది, నేరుగా బడికి వెళ్లడం. పిల్లల్ని పంపింది బడి, కాబట్టి తెలుసుకునే హక్కు హెచ్ఎంకు ఉంది. బాధ్యత కూడా ఉంది. పీఈటీ సారు అక్కడే ఉన్నారు కాబట్టి ఆయన ఏం చెప్పారో, అసలు చెప్పారో లేదో మీకు తెలియదు. ఆయనకు ముందు ఒక ఫోన్ చేసి "నేను రేపు హెచ్ఎం సారుకు రాసిస్తున్న, మీరు చూసింది మీరూ రాయండి" అని చెప్పడం మర్యాద. ఈ దారిలో ఆ బడి మీ క్యాంపుతో తెగతెంపులు చేసుకోవచ్చు. ఆ నష్టం నిజమైనదే, కానీ ఈ సంగతి తల్లి నోటి నుంచి తెలిసినా తెగేది అదే.

మూడోది, బయటి అధికారులు. బాబు పరిస్థితి విషమించినా, బావ మిమ్మల్ని బెదిరించినా, ఏమీ మార్చకుండా రెండో శనివారం క్యాంపుకు బయల్దేరుతున్నా, అప్పుడు ఆగవద్దు. జిల్లా విద్యాధికారికి రాయవచ్చు, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి చెప్పవచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసరమైతే 112. గుట్ట అటవీ భూమిలో ఉంటే అటవీ శాఖ అనుమతి ఉందా లేదా అన్న ప్రశ్న కూడా అప్పుడే వస్తుంది. ఇది ఒకసారి మొదలైతే మీ చేతిలో ఉండదు, అది తెలిసే వెళ్లండి.

నాలుగోది, చప్పుడు చేయకుండా ఉద్యోగం మానేయడం. ఇది మీకు ఊరటలా కనిపిస్తుండవచ్చు. దీనివల్ల బావకు కోపం రాదు, అక్కకు తెలియదు. కానీ 34 మందికి ముగ్గురి బదులు ఇద్దరవుతారు. మానడం మీ ఇష్టం. నివేదిక ఇచ్చాక మానండి.

అక్కకు ఎప్పుడు చెప్పాలి? బావతో మాట్లాడిన రోజే, మీ నోటితోనే. అంతకుముందు చెబితే ఆమెను మధ్యవర్తిని చేసినట్టు అవుతుంది. ఆలస్యం చేస్తే ఆమెకు ముందు చేరేది బావ చెప్పిన కథ. ఆమెతో క్యాంపు లెక్కలు, తప్పొప్పులు మాట్లాడనక్కర్లేదు. "బాబుకు దెబ్బ తాకింది, ముందు చెప్పిన అబద్ధం మోయలేక వాళ్లమ్మకు నిజం చెప్పిన" అన్నది చాలు. మీ అక్కా ఒక ఇంటి ఆడపడుచే, ఆ తల్లి బాధ మీకన్నా ఆమెకే ముందు అర్థం కావచ్చు.

కేసు సంగతి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 125వ సెక్షన్ ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యం గురించి చెబుతుంది. గాయమైతే ఆరు నెలల దాకా, తీవ్ర గాయమైతే మూడేళ్ల దాకా జైలు శిక్షకు వీలుంది. అది మీకు వర్తిస్తుందా, బావకా, ఎవరికీ కాదా అన్నది ఆ రోజు ఎవరి పని ఏమిటన్న దాన్ని బట్టి తేలుతుంది. నేరం జరిగిందని తెలిసీ, దాన్ని చేసినవారిని కాపాడటానికి తప్పుడు సమాచారం ఇచ్చినవారికి 238వ సెక్షన్ వేరే ఉంది. కాబట్టి మీకు భయం ఉండాల్సింది నిజం రాయడం దగ్గర కాదు, ఆ వెనక తేదీ కాగితం దగ్గర. సంతకాలు, స్టేట్‌మెంట్ల దాకా వెళ్తే ముందు ఒక వకీలుతో మాట్లాడండి. 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ వివరాలు చెబుతారు. ఆ బాబు కుటుంబానికి కూడా ఆ నంబరు పనికొస్తుంది, ఎందుకంటే పిల్లలకు ఉచిత న్యాయ సహాయం హక్కుగానే ఉంది.

క్యాంపుకు ముందు తల్లిదండ్రులు "ఏం జరిగినా మాదే బాధ్యత" అని సంతకం చేశారు కదా అని బావ ధైర్యంగా ఉన్నట్టు రాశారు. ఆ కాగితం నిర్వాహకుల నిర్లక్ష్యాన్ని మాఫీ చేయదు. గుట్ట ఎక్కడంలో సహజంగా ఉండే ముప్పు తెలుసని మాత్రమే అది చూపిస్తుంది. వదులైన గడ్డం పట్టీ గుట్టకు సహజమైనది కాదు. ప్రమాద బీమా ఉంటే పాలసీ తీసి చూడమనండి. ప్రమాదాన్ని వెంటనే తెలియజేయాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. దాచినందువల్ల ఆసుపత్రి ఖర్చు ఇవ్వాల్సిన కంపెనీ తప్పుకుంటే, అది బావ జేబు మీదే పడుతుంది. అక్క కోసమైనా ఆయనకు ఇది చెప్పండి.

డిసెంబరు బకిల్ సంగతిని మీరు ఉత్తరం చివర రెండు వాక్యాల్లో రాశారు. మాకు మాత్రం ఆ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్దగా కనిపించింది అదే. ఆ రకం బకిల్‌లో పట్టీని ఒకసారి దూర్చి, మళ్లీ వెనక్కి మడిచి దూర్చాలి. ఒక్కసారే దూర్చినా చేత్తో లాగి చూస్తే బిగువుగానే ఉంటుంది. ఒంటి బరువంతా పడ్డాక జారుతుంది. ఆ అమ్మాయి అంచు దాటి ఉంటే మీరు ఇవ్వాళ రాసే ఉత్తరం వేరే. ఆ రోజు పరిశీలనలో దొరికిన లోపం, ఈ ఆదివారం పట్టీ లోపం రెండూ ఒకటే: అంచుకు రాకముందు రెండో మనిషి సరిచూడటం లేదు. డిసెంబరులో దాన్ని నాలుగు లైన్లు రాసి, నలుగురూ కూర్చుని మాట్లాడుకుని ఉంటే, ఈ బాబు హెల్మెట్ పట్టీని ఎవరో ఒకరు లాగి చూసేవారు.

మన భూపాలపల్లి, మంచిర్యాల, రామగుండం వైపు గనుల్లో పనిచేసేవాళ్లను అడగండి. 1952 నాటి గనుల చట్టంలోనే, మనుషుల్ని దించే తాడు గానీ గొలుసు గానీ తెగితే అధికారులకు నోటీసు ఇవ్వాలని రాశారు. ఎవరికైనా దెబ్బ తగిలిందా లేదా అన్నదానితో పని లేదు. తాడు తెగడమే తెలియజేయాల్సిన సంగతి. పిల్లల్ని తాడు మీద దించేవాళ్లు అంతకన్నా తక్కువ రాసుకోవడం న్యాయం కాదు.

దీనికి పెద్ద ఫారాలు వద్దు. నాలుగు పేజీల ఫారం పెడితే ఎవరూ నింపరు. ఒక లాంగ్‌బుక్, పేజీలకు వరస నంబర్లు, ఒక్కో సంఘటనకు అర పేజీ. గాయమైనది, గాయం కాబోయి తప్పినది, సామానులో దొరికిన లోపం, మూడూ అందులోకే. తెగిన క్యారబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) గేటు స్ప్రింగు, తాడు పైపొర ఊడి లోపలి తెల్ల దారాలు కనిపించడం, కయాక్ తిరగబడి పిల్లవాడు నీళ్లు మింగడం, పుట్ట దగ్గర పాము కనిపించడం, అన్నీ. ఆ నీళ్లు మింగిన పిల్లవాడు కాసేపటికి నవ్వుతూ తిరుగుతున్నా సరే, దగ్గు, ఆయాసం తర్వాత కొన్ని గంటల్లో మొదలుకావచ్చు. రాసి ఉంటేనే రాత్రి వాళ్లమ్మకు అది తెలుస్తుంది. తలకు దెబ్బ, నీళ్లలో మునక, పాముకాటు, స్పృహ తప్పడం, ఎముక విరగడం లాంటివైతే ఆసుపత్రికి బయల్దేరుతూనే తల్లిదండ్రులకు ఫోన్ చేయాలి. చిన్న గాయమైతే పిల్లవాడు ఇంటికి చేరేలోపే చెప్పాలి. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో సిగ్నల్ అందని చోట్లున్నాయి. ఫోన్ ఎక్కడ కలుస్తుందో ముందు రోజే నడిచి చూసి, ఆ చోటు పుస్తకంలో మొదటి పేజీలో రాయాలి. బండి, డ్రైవరు పొద్దంతా అక్కడే ఉండాలి.

పిల్లల్ని కూడా అడగండి. సాయంత్రం బస్సెక్కే ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి "ఇయ్యాల ఎక్కడ భయమైంది?" అని అడిగితే ఇన్‌స్ట్రక్టర్లకు కనిపించనివి చెబుతారు. చెప్పినవాళ్లను తిట్టినా, "నీదే తప్పు" అన్నా, ఆ తర్వాతి క్యాంపు నుంచి పుస్తకం ఖాళీగానే ఉంటుంది. తాళ్లు, నీళ్లు ఉన్న క్యాంపులో నెలల తరబడి "ఏమీ లేదు" అని రాసి ఉంటే, ఏమీ జరగలేదని అనుకోవద్దు.

ఒక్కదానికి మాత్రం ఈ పుస్తకం సరిపోదు. క్యాంపులో ఎవరైనా తనతో అసభ్యంగా ప్రవర్తించారని పిల్లలు చెబితే, అనుమానం కలిగినా సరే, అది లోపల మాట్లాడుకునే సంగతి కాదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమే 21వ సెక్షన్ కింద నేరం. అక్కడ బావ, బడి, పరువు ఏవీ అడ్డురాకూడదు.

ఇలా అన్నీ రాస్తూ పోతే క్యాంపులే మూతబడతాయని బావ అంటారు, అనుమానం లేదు. 2014లో మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. గుట్టలంటే భయపడే ఇళ్లలో కూడా ఆ తర్వాత పిల్లల్ని పంపే ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం క్యాంపులవాళ్లు ఏదీ దాచరన్న నమ్మకం మీద నిలబడింది. ఏడాదికి ఒక దెబ్బ గురించి నిజం చెప్పిన క్యాంపుకు తల్లిదండ్రులు మళ్లీ పంపుతారు. ఒక్క దెబ్బ దాచారని తెలిసిన క్యాంపుకు ఎవరూ పంపరు.

రెండో శనివారం మీరు వెళ్లాలా వద్దా అన్నది మిగిలింది. మూడు సంగతులు బావ ముందు పెట్టండి. 34 మందికి ముగ్గురు చాలరు. మరో ఇద్దరైనా ఉండాలి, వారిలో ఒకరికి ప్రథమ చికిత్స శిక్షణ ఉండాలి. అంచుకు ఐదడుగుల ముందే ఒక గీత గీసి, అక్కడ రెండో మనిషి హెల్మెట్ పట్టీ, బకిల్, ముడి, క్యారబినర్ లాక్ నాలుగూ చేత్తో తాకి చూసి పేరు పిలిచాకే గీత దాటించాలి. గడ్డం పట్టీ కింద రెండు వేళ్లకు మించి పట్టకూడదు. సాయంత్రం నాలుగున్నర తర్వాత కొత్తగా ఎవరినీ తాడుకు కట్టకూడదు, ఎంతమంది మిగిలినా. ఈ మూడిట్లో ఏది కాదన్నా మీరు ఆ బస్సు ఎక్కవద్దు. ఎందుకు రావడం లేదో బడికి ఒక పేజీ రాసి, శుక్రవారం మధ్యాహ్నంలోపు హెచ్ఎం చేతికి అందేలా చూడండి.